మొదటి పాత కారు: ఇంజన్ కన్నా ముందు రేకు చూడండి

పాత కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది ముందు బానెట్ ఎత్తిస్తారు. సెల్ఫ్ కొట్టమంటారు, పొగ రంగు చూస్తారు, ఇంజన్ చప్పుడు వింటారు. అది కాస్త బాగానే ఉందనిపిస్తే మిగతాది చేయించుకోవచ్చులే అని బేరంలోకి దిగుతారు. మొదటి రిస్టోరేషన్, అంటే పాత బండిని విప్పి మళ్లీ బాగుచేసే పని, దారి తప్పేది ఇక్కడే. ఇంజన్ పోతే దాన్ని దింపి, విప్పి, సిలిండర్లు బోరింగ్‌కి ఇచ్చి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి బిగించుకోవచ్చు. ఏ సామాను కావాలో, ఎంత ఖర్చవుతుందో విప్పిన రోజే తెలిసిపోతుంది. తుప్పు అలా లెక్కకు దొరకదు. రంగు కింద గోరంత కనిపించిన బుడగ గ్రైండర్ పెట్టాక అరచేయంత అవుతుంది. వెనక రేకు తీసి చూస్తే మూరెడు పోయి ఉంటుంది.

అందుకే ఏ రెండు బండ్లను పోల్చినా ముందు బాడీ ఎంత గట్టిగా ఉందో చూడాలి. తర్వాత, ఉండాల్సిన భాగాలన్నీ బండి మీద ఉన్నాయా అని చూడాలి. ఇంజన్‌ది మూడో స్థానం.

నడిచేదా, ఆగిపోయిందా, డబ్బాల్లో ఉన్నదా

మొదటి రకం, నడుస్తూనే వాడిపోయిన బండి. రంగు వెలిసిపోయి, సీట్లు చిరిగి, షాకబ్జర్లు నీరసించి ఉంటాయి గానీ రోడ్డు మీద తిరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే మంచిది. దాన్ని నడిపి చూస్తే రోగాలు అదే చెబుతుంది. రెండో గేరులోకి దింపేటప్పుడు గరగరమంటే గేర్లను సాఫీగా కలిపే సింక్రో రింగులు అరిగాయని, బ్రేకు తొక్కితే ఒక పక్కకు లాగితే వీల్ సిలిండరో కాలిపరో పట్టేసిందని తెలుస్తుంది. ఇలాంటి బండిని ఒక్కో భాగంగా బాగుచేసుకుంటూ మధ్యలో తిప్పుకోవచ్చు కూడా. పూర్తిగా విప్పి చేసే రిస్టోరేషన్‌కి వెయ్యి గంటలు దాటడం మామూలే. వారానికి ఎనిమిది గంటలు పెట్టగలిగితే ఏడాదికి సుమారు 400 గంటలు. అంటే బండి రెండున్నరేళ్లు కదలదు. అంతకాలం సాగే పని మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ.

రెండో రకం, ఏళ్ల తరబడి షెడ్డులో ఆగిపోయినా ఎవరూ చెయ్యి పెట్టనిది. ధర తక్కువ, భాగాలన్నీ స్థానంలో ఉంటాయి, ఏ బోల్టు ఎక్కడిదో బండే చూపిస్తుంది. బాడీ గట్టిదైతే ఇదీ మంచి ఎంపికే. కాకపోతే ఇక్కడ కొన్ని ఖర్చులు ఖాయమనుకోండి: బ్రేకు మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులన్నీ, పెట్రోలు ట్యాంకు శుభ్రం, కార్బురేటర్ కిట్, టైర్లు. టైరు పక్కన డాట్ అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ మూడంకెలే ఉంటే ఆ టైరు 2000కి ముందుది. గాడి ఎంత లోతున్నా దాని మీద బండి నడపకూడదు. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉండటం, ఎలుకలు వైరింగ్ కొరకడం కూడా తరచూ కనిపించేవే.

మూడో రకం, ఎవరో విప్పేసి డబ్బాల్లో పెట్టినది. "అన్నీ ఉన్నాయి, బిగించుకోవడమే" అంటారు. ధర చూస్తే ఆశ పుడుతుంది. మొదటి బండిగా మాత్రం దీన్ని తీసుకోవద్దు. అసలు ఏమేం ఉండాలో తెలియనివాళ్లకు ఏది లేదో ఎలా తెలుస్తుంది? ఇంజన్ సామాను చాలా మోడళ్లకు ఇప్పటికీ దొరుకుతుంది. దొరకనివి చిన్నవి: కిటికీ చుట్టూ క్రోమ్ పట్టీ, వెనక లైటు అద్దం, తలుపు పిడి, డ్యాష్‌బోర్డు మీటరు చుట్టూ ఉండే రింగు. ఒక్క పట్టీ కోసం ఏడాది తిరిగేవాళ్లున్నారు.

ఇక కొత్తగా రంగు వేసి నిగనిగలాడే "సగం పూర్తయిన" బండి. పైన పటారం, లోన లొటారం అన్న మాట దీనికి సరిగ్గా అతుకుతుంది. రంగు వేయకముందు బాడీ ఎలా ఉండేదో, ఏ రేకు కోసి ఏది అతికారో ఫొటోలు చూపించలేకపోతే, వెలిసిపోయిన పాత రంగు బండే మేలు. వెలిసిన రంగు దేన్నీ దాచదు.

తుప్పు ఎక్కడ, ఎలా వెతకాలి

వెంట తీసుకెళ్లాల్సినవి: పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, గట్టి టార్చి, మొద్దు స్క్రూడ్రైవరు, చాప, పాత బట్టలు. రంగు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. సాధారణంగా ఫ్యాక్టరీ రంగు 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. 300 దాటితే పైన మళ్లీ రంగు పడింది. 1000 దాటితే కింద లప్పం ఉన్నట్టే. మీటరు లేకపోతే అయస్కాంతమే ఆధారం. రేకు మీద గట్టిగా పట్టుకుని, చక్రం పైన వంపు దగ్గరకొచ్చేసరికి జారిపోతే అక్కడ రేకు బదులు లప్పమో ఫైబరో ఉంది. వేలి కణుపుతో తట్టి చూడండి. మంచి రేకు మోగుతుంది, లప్పం దబ్‌మంటుంది.

తుప్పు ముందు పట్టేది నీరు, మట్టి కలిసి నిలిచే చోట. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకుల మధ్యకు రంగు పోదు, తడి మాత్రం పోతుంది. తలుపు కింద నీళ్లు కారిపోయే రంధ్రాలు ఆకులతో, మట్టితో పూడిపోతే నీళ్లు లోపలే నిలిచి రేకును లోపలి నుంచి తింటాయి. పైకి బుడగ లేచేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. కాబట్టి తలుపుల కింది అంచు, వాటి కింద పొడవునా ఉండే సిల్, జాకీ పెట్టే చోట్లు, ముందద్దం కింది మూలలు, బ్యాటరీ తట్ట, డిక్కీలో స్టెప్నీ గుంట, వెనక కమాన్ల కొసలు బాడీకి బిగించిన చోటు, అన్నీ చూడండి. కాళ్ల కింద మ్యాట్లు ఎత్తించండి. ఎత్తనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయొచ్చు.

ఒక పరీక్ష తప్పకుండా చేయండి. తలుపు మూసి, దానికీ వెనక ఫెండరుకీ మధ్య సందు చూసుకోండి. తర్వాత ఆ పక్క గట్టిగా ఉన్న చోట జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా ఎత్తి, మళ్లీ ఆ సందు చూడండి. బాగా మారినా, తలుపు పట్టేసినా సిల్ బలం పోయిందని అర్థం. జాకీ పెట్టిన చోటే కరకరమని లోపలికి పోతే ఇంకేమీ చూడక్కర్లేదు. ఎత్తిన బండి కిందకు మాత్రం యాక్సిల్ స్టాండ్లు పెట్టకుండా దూరకండి. జాకీలో సీలు పోతే ముందుగా చెప్పి పోదు.

ఛాసిస్ వేరుగా ఉన్నదా, మోనోకాకా

కొన్ని కార్లలో ఛాసిస్ విడిగా ఉండి, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. మోనోకాక్‌లో విడి ఛాసిస్ ఉండదు, బాడీ రేకులే బరువంతా మోస్తాయి. తుప్పు పట్టిన మోనోకాక్‌లో సిల్ కోయడమంటే ఇంటి దూలం తీయడం లాంటిది. కోసేముందు తలుపు చట్రంలో అడ్డంగా ఇనుప పైపులు వెల్డు చేసి షెల్‌ని, అంటే బాడీ డొల్లని, బిగించాలి, బండిని సమతలంగా ఆనించాలి, తలుపులు పెట్టి సందులు సరిచూసుకుంటూ ఒక్కో పక్కే మార్చాలి. ఇది చేయకుండా కోస్తే షెల్ మెలి తిరుగుతుంది, తలుపు మళ్లీ పడదు. పైకప్పు లేని కార్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే మొదటి బండికి కప్పు ఉన్నదే ఎంచుకోండి, ఓపెన్ కారు మీద ఎంత మనసున్నా.

కొన్ని మోడళ్లు పక్కపక్కన పెడితే

ఎక్కువ సంఖ్యలో తయారైన మోడల్ ఎంచుకోవడంలో లాభం మూడింతలు. సామాను దొరుకుతుంది, రిపేరు పుస్తకాలు దొరుకుతాయి, అదే చోట అదే బోల్టు విరగ్గొట్టుకున్నవాళ్లు ముందే వేలమంది ఉంటారు.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2003లో ఆగేదాకా 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి రేడియేటరు లేదు, వాటర్ పంపు లేదు. ఇంజన్ని నాలుగు బోల్టులు విప్పి కిందికి దింపొచ్చు. చాలా ఇంజన్లలో వాల్వు సందు చల్లగా ఉన్నప్పుడు 0.15 మి.మీ. పెడతారు. మెకానిక్ పని నేర్చుకోవాలంటే ఇంతకన్నా ఓపికైన గురువు లేదు. తుప్పు పట్టేది వెనక సీటు కింద కుడివైపు బ్యాటరీ ఉండే చోట, ఫ్లోరులో, మరీ ముఖ్యంగా తలుపుల కింద వేడి గాలి మోసుకెళ్లే హీటర్ ఛానళ్లలో. బాడీ బలమంతా ఆ ఛానళ్లలోనే ఉంది. ఫ్లోరు ముక్క మార్చడం మధ్యస్థమైన పని, ఛానల్ మార్చడం పెద్ద పని. 1960ల మధ్య దాకా వచ్చినవి చాలావరకు 6 వోల్టులవి, లైట్లు మసకగా వెలుగుతాయి. పెట్రోలు హోసులు మాత్రం కొన్న రోజే మార్చండి. ఇంజన్ గదిలో పాత హోసు పగిలి మంటలు రావడం ఈ కారుకు పేరుపడ్డ ప్రమాదం.

ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా వచ్చింది. 1798 సీసీ ఇంజన్ మొండిది, తేలిక. బాడీ సామాను దొరకడంలో దీనికి సాటి తక్కువ. పూర్తి షెల్ కూడా కొత్తది తయారవుతూ వచ్చింది. కానీ ఇది మోనోకాక్, సిల్ మూడు పొరలు. బయటి పొర ఒక్కటే మార్చి రంగు వేసిన బండ్లు బోలెడు. ఓపెన్ రోడ్‌స్టర్ కన్నా 1965లో వచ్చిన, కప్పున్న జీటీ మొదటివాళ్లకు నయం. 1967 దాకా వచ్చినవి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. బ్యాటరీ తిరగేసి కలిపితే కరెంటు సామాను దెబ్బతినొచ్చు.

మినీ 1959 నుంచి 2000 దాకా 53 లక్షలకు పైగా తయారైంది. చిన్నది, షెడ్డులో చోటు తక్కువ పడుతుంది. అయితే ఇంజనూ గేరుబాక్సూ ఒకే ఆయిల్ పంచుకుంటాయి, పనిచేయడానికి చెయ్యి దూరే సందుండదు. వెనక చక్రాలను మోసే విడి చట్రం, సబ్‌ఫ్రేమ్, తుప్పు పట్టడం మామూలు. దాన్ని బోల్టులు విప్పి మార్చొచ్చు, సిల్‌లు, ఫ్లోరు మాత్రం వెల్డింగ్ పనే. చిన్న బండి కదా అని పని చిన్నదనుకోవద్దు.

1964లో వచ్చిన మొదటి తరం ఫోర్డ్ మస్టాంగ్‌కి దొరకని సామానంటూ దాదాపు లేదు. చూడాల్సింది ముందద్దం కింద గాలి లోపలికి వెళ్లే గదిని. అది తుప్పు పడితే నీళ్లు నేరుగా ఫ్లోరు మీదకు కారతాయి. ఒక చెంబుడు నీళ్లు అక్కడ పోసి, డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూస్తే నిజం తెలుస్తుంది. ఆ గది బాగుచేయాలంటే స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తీయాలి, మొదటిసారికి భారమే.

1948 నుంచి 1985 దాకా వచ్చిన సిరీస్ ల్యాండ్ రోవర్లలో పై రేకులు అల్యూమినియం మిశ్రమానివి, బోల్టులతో ఊడొస్తాయి. అయస్కాంతం ఆ రేకుల మీద పనిచేయదు. పడుకుని ఇనుప ఛాసిస్‌నీ, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య గోడలా ఉండే బల్క్‌హెడ్‌నీ చూడాలి. ఛాసిస్ పెట్టె ఆకారంలో ఉంటుంది కాబట్టి లోపలి నుంచి తుప్పు తింటుంది. పైన నల్ల తారు దట్టంగా పూసి ఉంటే సుత్తితో పొడవునా తట్టాల్సిందే. ఛాసిస్ మొత్తం పోయినా గాల్వనైజ్ చేసిన కొత్తది దొరుకుతుంది. వెల్డింగ్ రాకుండానే బండిని మొదట్నుంచి కట్టుకోవాలనుకునేవాళ్లకు ఇదే సరైనది.

వీటిలో ఒక్కటే చెప్పమంటే, బీటిల్. హీటర్ ఛానళ్లు గట్టిగా ఉన్నదైతేనే.

స్పానర్ల సంగతి ముందే తెలుసుకోండి. బీటిల్‌కి మిల్లీమీటరు కొలతలు, వెనక చక్రం మధ్య నట్టుకు 36 మి.మీ. సాకెట్. ఎంజీబీ, మినీ, మస్టాంగ్‌లకు అంగుళాల స్పానర్లు. అంగుళాల నట్టుకు దగ్గరలో ఉన్న మిల్లీమీటరు స్పానరు వేసి తిప్పితే మూలలు అరిగి ఆ నట్టు ఇంక రాదు.

ఇంజన్‌ని ఎలా తూచాలి

నడిచే ఇంజన్ అయితే వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజి పెట్టి ఐదారు దెబ్బలు తిప్పండి. చాలా పాత పెట్రోల్ ఇంజన్లలో 120 నుంచి 160 పీఎస్‌ఐ వస్తుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతం లోపు ఉంటే నిశ్చింత. తక్కువొచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండూ తక్కువుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం.

ఆగిపోయిన ఇంజన్ని అక్కడికక్కడే సెల్ఫ్ కొట్టించొద్దు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పలచని ఆయిల్ పోసి, క్రాంక్ పుల్లీ నట్టుకు సాకెట్ వేసి చేత్తో తిప్పి చూడండి. తిరిగితే ధర పెట్టండి. తిరక్కపోతే, అది జామైన ఇంజన్ అన్న లెక్కనే ధర పెట్టండి. ఇంటికొచ్చాక ఆయిల్ నాననిచ్చి, రోజుకోసారి అటూ ఇటూ చిన్నగా కదిపితే చాలా ఇంజన్లు వారం పది రోజుల్లో వదులుతాయి. పొడవు పైపు వేసి బలంగా లాగితే రింగు విరుగుతుంది. వదిలాక కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే పెట్రోలు చూపించాలి, అదీ పాత ట్యాంకులోంచి కాకుండా విడి డబ్బాలోంచి.

సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో వచ్చిన పోత ఇనుము హెడ్ ఇంజన్లకు, హెడ్ ఎలాగూ విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించేయండి, సీసం లేని పెట్రోలుతో పాత సీట్లు అరిగిపోవచ్చు. అల్యూమినియం హెడ్లలో మొదటి నుంచీ విడి సీట్లే ఉంటాయి కాబట్టి అక్కడ ఈ బెంగ తక్కువ.

ఏది మీరు చేయాలి, ఏది బయట ఇవ్వాలి

బ్రేకులు, పెట్రోలు లైన్లు, ఇగ్నిషన్, సస్పెన్షన్ బుష్‌లు, లోపలి అప్హోల్స్టరీ మీరే చేసుకోవచ్చు. మొదలు పెట్టేది బ్రేకులతోనే. పాత డ్రమ్ముల్లో లైనింగు పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా, తడిపి తుడవండి. బ్రేకు ఆయిళ్లలో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక జాతి. డాట్ 5 సిలికాన్, దాన్ని వాటితో కలపకూడదు. పాత పెట్రోలు హోసుల బదులు ఇథనాల్ తట్టుకునే రకమే వేయండి, మామూలు రబ్బరు లోపల మెత్తబడి కార్బురేటర్‌ని పూడుస్తుంది.

బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, క్రోమ్ ప్లేటింగ్ బయటి పనులు. వెల్డింగ్ నేర్చుకోవచ్చు. కారు రేకు 0.8 నుంచి 1 మి.మీ. ఉంటుంది, మిగ్ మెషీన్‌లో 0.6 మి.మీ. వైరు వేసి, ఒక్కో చుక్క దూరంగా పెట్టుకుంటూ, చల్లారాక మధ్యలో నింపుకుంటూ రావాలి. ఒకే వరుసగా లాగితే రేకు అప్పడంలా వంకరపోతుంది. బ్యాటరీ తీసేయండి, చుట్టుపక్కల మ్యాట్లు, ఫోమ్, పెట్రోలు ట్యాంకు తీసేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద వెల్డింగ్ చేయొద్దు, ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుడుతుంది. చివరి రంగు మాత్రం పెయింట్ బూతుకే ఇవ్వండి. రెండు భాగాలు కలిపి కొట్టే టూ-కే పెయింట్‌లో ఐసోసయనేట్లు అనే విష రసాయనాలు ఉంటాయి, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు లేకుండా దాన్ని కొట్టకూడదు. రేకు గీకడం, ఎపాక్సీ ప్రైమర్, లప్పం, ఎమెరీ కాగితం పని వరకు మీరు చేసిస్తే ఖర్చులో పెద్ద భాగం మిగులుతుంది.

విప్పే ప్రతి భాగానికీ ముందు ఫొటో, దాని నట్లు బోల్టులకు విడి సంచి, సంచి మీద పేరు. పాత భాగాన్ని కొత్తది బండి మీద కూర్చునేదాకా పారేయొద్దు. కొత్తగా అచ్చువేసిన రేకులు చాలాసార్లు రంధ్రాలు కలవవు, పోల్చుకోడానికి పాతదే కావాలి. విప్పిన కారు నిలబడ్డ కారుకు రెండింతల చోటు తింటుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

చూడ్డానికి వెళ్లేముందు, ఇంజన్ ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బానెట్ తీయించి ఇంజన్ బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ స్టార్టవడానికి మొరాయిస్తుందేమో అడగండి. తర్వాత బానెట్ మూసేసి, చాప పరిచి, ముందు సిల్ కిందికి టార్చి వేయండి. ఛాసిస్ నంబరు కాగితాలతో అంకె అంకె పోల్చుకోవడం కూడా అప్పుడే, అడ్వాన్సు చేతులు మారకముందే.